బాలింత కుట్లకు ఐసు పెట్టవచ్చా?

కాన్పు వార్డులో రెండో రోజు తల్లి కూర్చునే తీరు చూస్తే చాలు, ఆమెకు కింద కుట్లు పడ్డాయో లేదో తెలిసిపోతుంది. బరువంతా ఒక పక్కకు వేసి, రెండో పక్కను కాస్త పైకెత్తి, ఒక చేత్తో మంచం పట్టీని గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో బిడ్డను రొమ్ముకు అందిస్తుంటుంది. బిడ్డ సరిగ్గా నోటపట్టే వేళకు ఆమె నడుము నిలవదు. కాస్త కదిలితే బిడ్డ నోట్లోంచి రొమ్ము జారిపోతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలు. మూత్రానికి వెళ్లాలంటే మంట, విరేచనానికి వెళ్లాలంటే కుట్లు తెగుతాయేమోనని భయం. ఆ భయంతో అన్నం కూడా సగమే తింటుంది. చూడవచ్చిన వాళ్లు బిడ్డ బరువెంతనీ, ఎవరి పోలికనీ అడుగుతారు. తల్లికి కుట్ల నొప్పి ఎలా ఉందని అడిగేవాళ్లు అరుదు. ఆమే చెప్పుకున్నా, "నార్మల్ డెలివరీయేగా, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అన్న జవాబు వస్తుంది.

ఆ నొప్పిని తగ్గించడానికి చవకైన మార్గం ఒకటుంది. అది మందు కాదు, తల్లిపాలలోకి చేరదు, సూది గుచ్చదు. గుడ్డలో చుట్టిన ఐసును కుట్లున్న చోట పది నిమిషాలు ఆనించి ఉంచడం, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో విడుదల చేసిన బాలింత సంరక్షణ మార్గదర్శకాల్లో దీనికి చోటిచ్చింది. కాన్పు గాయం వల్ల వచ్చే తొలినాళ్ల నొప్పికి ఐసు ప్యాకు గానీ, చల్లటి ప్యాడు గానీ తల్లి ఇష్టాన్ని బట్టి ఇవ్వవచ్చని చెప్పింది.

కానీ ఈ మాట తెలుగింట్లో అంటే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. "పచ్చి బాలింతకు ఐసు పెడతారటమ్మా!" అంటారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కాళ్లకు మేజోళ్లు, పొగలు కక్కే నీళ్ల స్నానం, ఆపైన సాంబ్రాణి పొగ. బాలింతకు చలిగాలి సోకకుండా ఇన్ని జాగ్రత్తలు తీసుకునే ఇంట్లో ఐసు మాటెత్తడం కష్టమే. ఆ భయం ఊరికే పుట్టలేదు, దాని సంగతి కాసేపాగి చూద్దాం. ముందు ఆ నొప్పి ఎక్కడిదో, ఎందుకొస్తుందో తెలియాలి.

యోని ద్వారానికీ మలద్వారానికీ నడుమ ఉండే భాగాన్ని వైద్యులు పెరీనియం అంటారు. పైకి చూస్తే కొద్ది సెంటీమీటర్ల చర్మమే. కానీ కటి అడుగుభాగాన్ని మోసే కండరాలు చాలావరకు వచ్చి కలిసేది అక్కడే. కూర్చున్నా, లేచినా, దగ్గినా, ముక్కినా ఒత్తిడి దాని మీదే పడుతుంది. నడుం కింది త్రికాస్థి దగ్గర బయలుదేరే ప్యూడెండల్ నరం కొమ్మలు అక్కడ దట్టంగా అల్లుకుని ఉంటాయి. అంత చురుకైన చోట గాయమైతే నొప్పి కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఆ భాగం సాగుతుంది. సాగలేని చోట చిరుగుతుంది. చర్మం వరకే చిరిగితే మొదటి స్థాయి గాయం, కండరం దాకా వెళ్తే రెండోది, మలద్వారాన్ని బిగించి ఉంచే కండరం తెగితే మూడోది, పురీషనాళం లోపలి పొర దాకా చిరిగితే నాలుగోది. డాక్టరు గానీ నర్సు గానీ కత్తెరతో కోసి దారి వెడల్పు చేయడం ఎపిసియోటమీ. లోతులో అది రెండో స్థాయి గాయంతో సమానం. ఇంగ్లండ్ లెక్కల ప్రకారం సహజ కాన్పు అయిన ప్రతి 100 మంది తల్లుల్లో సుమారు 85 మందికి ఎంతో కొంత గాయం అవుతుంది.

కుట్లు వేసేటప్పుడు ఇచ్చిన లిగ్నోకెయిన్ తిమ్మిరి గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. అసలు నొప్పి మొదలయ్యేది అప్పుడే. గాయపడిన కణాల నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ లాంటి రసాయనాలు వెలువడతాయి. అవి నొప్పి నరాలను రెచ్చగొడతాయి, చిన్న రక్తనాళాల గోడలను వదులు చేస్తాయి. ఆ గోడల సందుల్లోంచి నీరు కణజాలంలోకి ఊరుతుంది. అదే వాపు. వాచిన కండను దారం బిగించి పట్టుకుని ఉంటుంది కాబట్టి ప్రతి కదలికకూ కుట్టు లోపలికి కోసుకుంటుంది. తొలిరోజు ఓర్చుకున్న తల్లి రెండో రోజు కళ్లనీళ్లు పెట్టుకోవడానికి కారణం ఇదే. ఆమె నాజూకుదై కాదు, వాపు పెరిగింది కాబట్టి.

ఇన్ని కుట్లు ఎందుకు పడుతున్నాయన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. కాన్పులో కోతను గురించి డబ్లిన్ నగర వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ 1742లోనే రాశాడు. అయితే ఆయన చెప్పింది కష్టమైన కాన్పుల మాట. దాన్ని అందరికీ ముందుజాగ్రత్తగా చేయాలని 1920లో షికాగో ప్రసూతి వైద్యుడు జోసెఫ్ డీలీ వాదించాక ఆస్పత్రుల్లో అది అలవాటై కూర్చుంది. అందరికీ కోయడం వల్ల మేలు జరుగుతుందనడానికి సరైన ఆధారాలు లేవని 1983లో థాకర్, బాంటా అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు పాత పరిశోధనలన్నీ తిరగేసి చెప్పారు. 1993లో అర్జెంటీనాలో 2,606 మంది తల్లులతో జరిపిన ప్రయోగం కూడా అవసరమైన వాళ్లకే కోయడం మేలని తేల్చింది. అందరికీ కోయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా రాసింది. అయినా తొలి కాన్పు అనగానే కత్తెర అందుకునే చోట్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. నార్మల్ కాన్పంటే ఆడపిల్లలు జంకడానికి అక్కలూ వదినలూ చెప్పే ఈ కుట్ల నొప్పి కథలు కూడా ఒక కారణమని నా నమ్మకం. కోత తగ్గించడం ఒక పని, పడ్డ కుట్ల నొప్పి తగ్గించడం రెండో పని. ఒకదాని కోసం రెండోది ఆగకూడదు.

నొప్పికి చలిని వాడటం వైద్యంలో చాలా పాత సంగతి. 1807 ఫిబ్రవరిలో ఐలావ్ యుద్ధంలో నెపోలియన్ సైన్యపు వైద్యుడు డొమినిక్ లారీ మంచులో గడ్డకట్టిన సైనికుల కాళ్లూ చేతులూ తీసేస్తున్నప్పుడు వాళ్లు పెద్దగా నొప్పి పడటం లేదని గమనించాడు. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జేమ్స్ ఆర్నాట్ అనే వైద్యుడు దంచిన ఐసులో ఉప్పు కలిపి, దానితో చర్మాన్ని మొద్దుబార్చి చిన్న శస్త్రచికిత్సలు చేయవచ్చని చూపించాడు. చలి నొప్పినెలా ఆపుతుందో మాత్రం వాళ్లకు తెలియదు. ఆ జవాబు మొన్నమొన్ననే దొరికింది.

మొదటిది నరాల సంగతి. నరంలో సంకేతం పరుగెత్తాలంటే దాని పొరలో ఉన్న సోడియం ద్వారాలు వెంటవెంటనే తెరుచుకుని మూసుకోవాలి. చల్లబడితే ఆ ద్వారాలు మందగిస్తాయి. చేతి నరాల మీదా కాలి నరాల మీదా తీసిన కొలతల్లో నరం ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడిన ప్రతిసారీ సంకేతం వేగం సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దాకా తగ్గింది. మామూలుగా 32 నుంచి 34 డిగ్రీలుండే చర్మం 10 నుంచి 15 డిగ్రీల మధ్యకు దిగితే ఆ చోటు బాగా మొద్దుబారుతుంది. ఊరికే చన్నీళ్లు పోసుకుంటే ఈ పని కాకపోవడానికి కారణం ఇదే. మన కుండనీళ్లు అంత చల్లగా ఉండవు.

రెండోది, చలిని పసిగట్టే నరాలు వేరు, నొప్పిని మోసే నరాలు వేరు. చల్లదనానికి స్పందించే టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్‌ను 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. పుదీనా నమిలినప్పుడు నోరు చల్లబడినట్టు అనిపించడం కూడా ఈ ప్రొటీన్ పనే. స్పర్శ, ఉష్ణోగ్రతలను శరీరం ఎలా పసిగడుతుందో తేల్చినందుకు 2021లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. చల్లదనం, స్పర్శ తాలూకు సంకేతాలు వెన్నుపాముకు చేరి, అక్కడ నొప్పి సంకేతం ముందుకు పోకుండా కొంతవరకు అడ్డుపడతాయి. నొప్పికి వెన్నుపాములో ఇలాంటి అడ్డుతలుపు ఉంటుందని 1965లోనే మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

మూడోది వాపు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపలి నుంచి నీరు ఊరడం తగ్గుతుంది. అందుకే ఐసు పెట్టాల్సింది మొదట్లోనే. వాపు పూర్తిగా వచ్చి కూర్చున్నాక ఐసు దాన్ని వెనక్కి తీయలేదు. కాలు బెణికితే మనవాళ్లు వెంటనే ఐసు పెడతారు, ఎవరూ వద్దనరు. దెబ్బ తగిలిన కండరం కాలిదైనా, కటిదైనా వాచే పద్ధతి ఒకటే.

మరి ప్రయోగాల్లో ఏం తేలింది? 1986లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో రామ్లర్, రాబర్ట్స్ కొత్త తల్లులను వేడినీళ్ల తొట్టిలోనూ చన్నీళ్ల తొట్టిలోనూ కూర్చోబెట్టి పోల్చారు. ఆ రోజుల్లో వేడినీళ్లదే రివాజు. నొప్పి ఎక్కువగా తగ్గింది మాత్రం చన్నీళ్లలో. తర్వాత ఇంగ్లండ్‌లో మేరీ స్టీన్ అనే మిడ్‌వైఫ్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. గట్టి ఐసు ముక్కలు ఒరుసుకుంటున్నాయనీ, కరిగి మంచమంతా తడిసిపోతోందనీ తల్లులు చెప్పిన ఇబ్బందిని పట్టించుకుని, ఆ చోటుకు ఒదిగే జెల్ ప్యాడును తయారు చేయించి, ఐసు ప్యాకుతోనూ నురగ మందుతోనూ పోల్చి 2000లో ఫలితాలు ప్రకటించింది. తల్లులకు బాగా నచ్చింది ఆ ప్యాడే. నొప్పి పడేవాళ్లను అడిగి, వాళ్ల మాటను బట్టి వస్తువును మార్చడం ఎంత మంచి పద్ధతి!

ఈ విషయం మీద నాకు ఎక్కువ ఉపయోగంగా కనిపించింది బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం నర్సింగ్ పరిశోధకుల పని. "ఎంతసేపు పెట్టాలి? ఎంతసేపు పనిచేస్తుంది?" అన్న రెండు సూటి ప్రశ్నలతో వాళ్లు మొదలుపెట్టారు. 114 మంది తల్లులను మూడు గుంపులుగా విడదీసి ఒక గుంపుకు 10 నిమిషాలు, ఒక గుంపుకు 15, మరో గుంపుకు 20 నిమిషాలు ఐసు పెట్టారు. ఉపశమనంలో మూడు గుంపులకూ తేడా కనిపించలేదు. అంటే పది నిమిషాలు చాలు. ఇంకో ప్రయోగంలో కాన్పయి 6 నుంచి 24 గంటలైన తల్లులకు పదే పది నిమిషాలు ఐసు పెట్టి గమనిస్తే, వచ్చిన ఉపశమనం రెండు గంటల దాకా నిలిచింది. రెండు గంటలంటే కొత్త తల్లికి తక్కువేమీ కాదు. కదలకుండా కూర్చుని బిడ్డకు కడుపునిండా పాలివ్వవచ్చు, ఒక కునుకు తీయవచ్చు.

ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేసే కాక్రేన్ సమీక్షకులు 2012లోనూ, మళ్లీ 2020లోనూ ఈ విషయాన్ని పరిశీలించారు. చల్లదనం వల్ల మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గవచ్చు గానీ, ఆధారాలు బలంగా లేవన్నారు. ప్రయోగాలు చిన్నవి, ఒక్కొక్కరు ఒక్కో పద్ధతిలో చేశారు. పైగా మాత్రల ప్రయోగంలో అసలు మాత్రకు బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడవచ్చు గానీ, ఐసు విషయంలో ఆ వీలు లేదు. పెట్టింది ఐసో కాదో పెట్టించుకున్న మనిషికి తెలుస్తుంది. ఆ నమ్మకంతోనే కొంత నొప్పి తగ్గి ఉండవచ్చు. కాబట్టి ఐసు అద్భుతం కాదు. ప్యారాసిటమాల్ మాత్రను మానిపించేదీ కాదు, దానికి తోడు మాత్రమే. అయితే కుట్లు మానడానికి ఐసు అడ్డొచ్చిందన్న రుజువు కూడా ఆ ప్రయోగాల్లో కనిపించలేదు. ఖర్చు లేనిది, జాగ్రత్తగా వాడితే హాని చేయనిది, తల్లి వద్దంటే ఆ నిమిషమే తీసేయగలిగేది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి చోటిచ్చింది. ఆ తూకం సరైనదేనని నేననుకుంటున్నాను.

ఇక పెద్దవాళ్ల భయం సంగతి.

కాన్పయిన గంటలోపే చాలామంది తల్లులు వణుకుతారు. పళ్లు టకటకలాడతాయి, రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. అది సాధారణంగా జబ్బు కాదు, కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. చూసినవాళ్లకు మాత్రం ఒళ్లంతా చలి పట్టేసిందనిపిస్తుంది. ఇక నిజంగా భయపెట్టే వణుకు రెండు మూడు రోజులకు జ్వరంతో పాటు వచ్చేది. ఒకప్పుడు పురిటి మంచం మీద ఎందరో తల్లులను పొట్టనబెట్టుకున్నది ఆ జ్వరమే. బాలింత సన్నిపాతమని ఊళ్లలో గడగడలాడింది దానికే. మొదట చలి, వణుకు, ఆ తర్వాత కాలిపోయే జ్వరం, చివరికి మరణం. అలాంటి చావులు చూసిన ఆడవాళ్లు "చలి సోకడం వల్లే పోయింది" అనుకోవడంలో వింతేముంది? వాళ్లు చూసింది నిజం. చలి ముందు వచ్చింది, చావు తర్వాత వచ్చింది. కానీ చలి జబ్బు గుర్తే గాని జబ్బుకు కారణం కాదు. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పు చేసే ముందు క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. దాంతో ఆ జ్వరాలు, ఆ చావులు బాగా తగ్గిపోయాయి. 1879లో లూయీ పాశ్చర్ ఆ జ్వరానికి కారణమైన గొలుసు సూక్ష్మజీవులను బొమ్మ గీసి మరీ చూపించాడు. తల్లులను చంపింది చల్లగాలి కాదు, కడగని చేతులు.

ఈ భయం మనకొక్కరిదే కూడా కాదు. చైనాలో కాన్పయిన నెల రోజులూ తల్లిని చన్నీళ్లు ముట్టనివ్వరు. మెక్సికోలో నలభై రోజుల పథ్యం ఉంది. వియత్నాంలో మంచం కింద నిప్పులు పెట్టి బాలింతను వెచ్చగా ఉంచే ఆచారం ఉండేది. ఒకరినొకరు ఎరగని ఇన్ని దేశాల ఆడవాళ్లు ఒకే జాగ్రత్త పాటించారంటే, వాళ్లందరి వెనకా ఒకే రకం చావులున్నాయనిపిస్తుంది.

అయినా ఒక ఐసు ప్యాకు ఒంట్లోంచి ఎంత వేడిని లాగుతుందో లెక్క వేయవచ్చు. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీల వేడి కావాలి. 100 గ్రాముల ఐసు మొత్తం కరిగినా 8,000 కేలరీలు, అంటే అన్నం లెక్కల్లో మనం వాడే పెద్ద కేలరీల్లో ఎనిమిది. ఏ పనీ చేయకుండా పడుకున్న మనిషి ఒళ్లు కూడా నిమిషానికి దాదాపు ఒక పెద్ద కేలరీ వేడిని పుట్టిస్తుంది. అంటే ఆ ఐసంతా తల్లి ఒంటి వేడితోనే కరిగిందనుకున్నా, ఆమె శరీరం ఎనిమిది నిమిషాల్లో పుట్టించే వేడితో సరి. నిజానికి పది నిమిషాల్లో అంత ఐసూ కరగదు, కరిగిన దాంట్లో కొంత వేడి గది గాలి నుంచీ గుడ్డ నుంచీ వస్తుంది. ఒళ్లంతా చల్లబడే ప్రశ్నే లేదు. చల్లబడేది ఆ అరచేయంత చోటు, అదీ కాసేపు. తలకు గుడ్డ, ఒంటికి దుప్పటి, తాగడానికి గోరువెచ్చటి నీళ్లు అన్నీ అలాగే ఉంచుకుని ఐసు పెట్టుకోవచ్చు. ఒకటి పాటిస్తే రెండోది మానాలని ఎక్కడా లేదు.

ఇప్పుడు పెట్టే పద్ధతి. నేను చెప్పేది మామూలు జాగ్రత్తలు, కుట్లు వేసిన డాక్టరునో నర్సునో అడిగే మొదలుపెట్టాలి. ఫ్రీజరులోంచి అప్పుడే తీసిన ఐసు సున్నా దగ్గర ఉండదు, దాదాపు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ముట్టుకుంటే వేలికి అంటుకునేది అందుకే. దాన్ని నేరుగా చర్మానికి పెడితే చర్మం కాలినట్టే దెబ్బతింటుంది. కాసేపు బయట ఉంచితే పైన తడి మెరుస్తుంది. అప్పుడిక అది కరుగుతున్న ఐసు, పూర్తిగా కరిగేదాకా సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. అలాంటి ఐసును దంచి చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి గాలి తీసి మూతి గట్టిగా కట్టాలి. దంచినది ఒంపులకు ఒదుగుతుంది, పెద్ద గడ్డలు గుచ్చుకుంటాయి. దాని చుట్టూ ఉతికి ఎండబెట్టిన పలుచని నూలుగుడ్డ ఒక్క మడత చుట్టి, ఆ గుడ్డను శుభ్రమైన నీళ్లతో కాస్త తడపాలి. దళసరి పొడి టవల్ అయితే చల్లదనాన్ని చర్మం దాకా రానివ్వదు. జెల్ ప్యాకులు ఫ్రీజరులో ఉంచితే ఇంకా చల్లగా ఉండి తొందరగా చర్మాన్ని కొరుకుతాయి, కాబట్టి వాటికి గుడ్డ తప్పనిసరి. కొన్ని వార్డుల్లో నర్సులు చేతి తొడుగులో నీళ్లు పోసి గడ్డకట్టించి వాడతారు. లోపల పౌడరు లేని తొడుగు, చుట్టూ గుడ్డ ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది.

తల్లి ఆ ప్యాకు మీద కూర్చోకూడదు. బరువు పడితే కుట్లు ఒరుసుకుంటాయి, చర్మం మీద ఒత్తిడితో చలి ఎక్కువవుతుంది. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు కాస్త మడిచి, మధ్యలో ఉంచుకుంటే చాలు. పది నిమిషాలు, మహా అయితే ఇరవై. తర్వాత తీసేసి, చర్మం మామూలు రంగుకూ వెచ్చదనానికీ వచ్చేదాకా ఒకటి రెండు గంటలు ఆగాలి. చర్మం తెల్లబడినా, గట్టిపడినా, బొబ్బలా వచ్చినా మళ్లీ పెట్టకూడదు. ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ప్రతిసారీ గుడ్డ మార్చాలి. సెమ్మెల్‌వైస్ చెప్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ఒకరికి వాడినది ఇంకొకరికి వాడకూడదు. మొదటి రెండు మూడు రోజులే ఐసుకు సమయం, ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కూర్చోవడం కొందరికి హాయిగా ఉంటుంది.

వెన్నుకు మత్తు తీసుకున్నవాళ్లు స్పర్శ పూర్తిగా తిరిగొచ్చేదాకా ఐసు పెట్టుకోకూడదు, చర్మం దెబ్బతింటున్నా వాళ్లకు తెలియదు. చలికి దద్దుర్లు వచ్చేవాళ్లు, వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బున్నవాళ్లు డాక్టరును అడగాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ లాంటి గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బున్న తల్లులుంటారు. వాళ్లకు చలి నొప్పిని తగ్గించే బదులు రక్తనాళాలను ముడిచి నొప్పి దాడిని రేపవచ్చు. వాళ్లకు ఐసు డాక్టరు చెబితే తప్ప వద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా, కొన్ని నొప్పులను ఐసుతో అణచిపెట్టకూడదు. గంటగంటకూ పెరుగుతూ, లోపల గట్టి గడ్డ ఉబ్బుతున్నట్టు ఉంటే అది లోపల రక్తం గడ్డకట్టిన హెమటోమా కావచ్చు, ఆగకుండా డాక్టరుకు చూపించాలి. 38 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, దుర్వాసన వచ్చే స్రావం, కుట్లు ఊడటం, చీము, మూత్రం రాకపోవడం, మలం గానీ గాలి గానీ అదుపు తప్పడం, వీటిలో ఏది కనిపించినా అంతే. నొప్పి మాత్రల విషయంలోనూ సొంత వైద్యం వద్దు. పాలిచ్చే తల్లులకు ప్యారాసిటమాల్ మొదటి మందు. ఆస్పిరిన్ మాత్రం తనంతట తాను వేసుకోకూడదు.

ఐసు బాగా పనిచేసే ఆ రెండు మూడు రోజులూ తల్లి ఎక్కువగా ఆస్పత్రిలోనే ఉంటుంది. జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో సహజ కాన్పయిన తల్లికి 3 రోజుల వరకు ఉచితంగా భోజనం పెడతారు. అదే మూడు రోజుల్లో ఐసు కూడా అందవచ్చు. ఆరోగ్య కేంద్రంలో ఫ్రిజ్ ఉందిగా అనవద్దు. అది టీకాలది, అందులో ఇంకేవీ పెట్టకూడదు. కాన్పుల వార్డుకు విడిగా ఒక చిన్న ఫ్రిజ్, కొన్ని నూలుగుడ్డలు, పెట్టే పద్ధతి తెలిసిన ఒక నర్సు ఉంటే సరిపోతుంది. ఆస్పత్రి అభివృద్ధి కమిటీలు తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. కాన్పయిన 3వ రోజు, 7వ రోజు ఇంటికి చూడవచ్చే ఆశా కార్యకర్త బిడ్డ బరువుతో పాటు తల్లి కుట్ల సంగతి కూడా అడగాలి. ఇంట్లో ఉన్న అత్తలూ అమ్మలూ కూడా అడగండి. ఆమె నొప్పి అంటే నమ్మండి, ఐసు కావాలంటే పెట్టనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి.